తెలిసినవాడి విజిట్ వీసా

తెలియక పోయానంటే జనం కనీసం జాలిపడతారు. నాకు ఆ వెసులుబాటు కూడా లేదు. దుబాయికి పనికి పోయేవాడు ఏ వీసా మీద పోవాలో, ఏ కాగితం లేకపోతే ఏమవుతుందో మా జగిత్యాల చుట్టుపక్కల ఊళ్ల వాళ్లకు చెప్పి, ఆ చెప్పినందుకు పదో ఇరవయ్యో తీసుకుని బతికినవాణ్ని నేను. బస్టాండు పక్క సందులో జిరాక్సు, ఆన్‌లైన్ కొట్టు. పాస్‌పోర్టు దరఖాస్తులు, టికెట్లు, కలెక్టరుకు అర్జీలు, గల్ఫులో పోయినవాళ్ల శవాలు తెప్పించమని ఎంబసీకి ఉత్తరాలు అన్నీ నా చేతిమీదుగానే పోయేవి. విదేశాంగ శాఖ వాళ్ల ఈ-మైగ్రేట్ వెబ్‌సైటు నా కంప్యూటర్లో పొద్దస్తమానం తెరిచే ఉండేది. లైసెన్సున్న ఏజెంట్లెవరో అందులో ఉంటుంది. ఫలానా ఏజెంటు మంచోడేనా అని ఎవరైనా అడిగితే ఆ జాబితా తీసి, పేరు లేకపోతే స్క్రీను వాళ్ల వైపు తిప్పి చూపించేవాణ్ని. ఆ తిప్పడంలో నాకో ఆనందం ఉండేది. పెద్దమనిషి ఆనందం.

మా ఊరి మేస్త్రీ ఒకాయన ఉన్నాడు. వరసకు మామ. ఏడో తరగతితో బడి మానేశాడు కాబట్టి ఆయన పాస్‌పోర్టు మీద ఈసీఆర్ ముద్ర పడింది. పదో తరగతి పాస్ కాని వాళ్లకు పడే ముద్ర అది. అది ఉన్నవాడు గల్ఫు దేశాలతో సహా 18 దేశాలకు పనికి పోవాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ ఆఫీసు అనుమతి కావాలి. కంపెనీ పేరు, జీతం, పని ఒప్పందం ఈ-మైగ్రేట్‌లోకి ఎక్కాలి. ప్రవాసీ భారతీయ బీమా కట్టాలి. రెండేళ్లకు 275 రూపాయలు. జరగరానిది జరిగితే ఇంటివాళ్లకు 10 లక్షలు. 275 దగ్గర మామ గొణిగాడు. "సచ్చినంక పైసలు నాకెందుకురా అల్లుడా" అన్నాడు. నేను కసిరాను. కట్టించాను. ఒప్పందంలో జీతం అంకె కింద గీత గీసి, ఆ కాగితం రెండు కాపీలు తీసి, ఒకటి ఇంట్లో బియ్యం డబ్బాలో పెట్టమని చెప్పి పంపాను.

నాకు డిగ్రీ ఉంది. నా పాస్‌పోర్టు మీద ఏ ముద్రా లేదు.

నా తెలివితక్కువతనం మొత్తం ఆ ముద్ర లేని పేజీలోనే ఉంది కాబట్టి అది కొంచెం విప్పి చెప్పాలి. ఈసీఆర్ ముద్ర అంటే మా దగ్గర నామోషీ. చదువురానివాడని ప్రభుత్వం గుద్దిన ముద్రలాగా చూస్తారు. ముద్ర లేనివాడు ఎవరి అనుమతీ అక్కర్లేకుండా దర్జాగా విమానం ఎక్కొచ్చు. అది నిజమే. అయితే ఎవరి అనుమతీ అక్కర్లేదంటే, నా కాగితాలను ఎవరూ చూడరని కూడా. నా ఒప్పందం ఏ కంప్యూటర్లోకీ ఎక్కదు, బీమా కట్టావా అని ఎవడూ అడగడు, ఆ కంపెనీ ఉందో లేదో ఎవడూ విచారించడు. చదువుకున్నవాడు తన బాగు తాను చూసుకోగలడని 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం నమ్మింది. నా విషయంలో ఆ చట్టం మోసపోయింది.

2016లో కొట్టు పల్చబడింది. సెప్టెంబరులో జియో వచ్చింది. పిల్లల పరీక్షా ఫలితాలు, రైలు టికెట్లు అన్నీ జనం చేతిలోకే వచ్చేశాయి. నవంబరులో నోట్ల రద్దు. చెల్లె పెళ్లికి తెచ్చిన అప్పుకు వందకు రెండు రూపాయల మిత్తి నెలనెలా నడుస్తూనే ఉంది. ఇవన్నీ నిజాలే గానీ, వీటిని నేను ఇతరులకు చెప్పే కారణాలుగా వాడుకున్నాను. నాకు నేను ఒప్పుకోవాల్సిన కారణం ఇంకొకటి: నేను ఫారాలు నింపి పంపినవాళ్లంతా స్లాబు ఇళ్లు కట్టారు. నాది ఇంకా పెంకుటిల్లే. సంతకం పెట్టడానికి నా దగ్గర పెన్ను అడుక్కున్నవాడు సెలవు మీద వచ్చి, సెంటు కొట్టుకుని, నా కొట్లో కుర్చీ మీద కూచుని "ఏమన్నా, ఇంకా గీడ్నే ఉన్నవా" అంటే లోపల ఏదో కాలేది.

మా కొట్టుకు రెండు షట్టర్ల అవతల ఒకాయన ట్రావెల్స్ బోర్డు పెట్టుకుని ఉండేవాడు. ఆయన విజిటింగ్ కార్డు నేనే డిజైన్ చేసి ఇచ్చాను. మనుషుల్ని విదేశాలకు పనికి పంపే లైసెన్సు ఆయనకు లేదు. ఇది నేను వెతికి తెలుసుకోవాల్సిన సంగతి కాదు. ఆ సైటు నాకు కంఠతా. ఆయన దగ్గర టీ తాగుతూ ఒకరోజు దుబాయి మాట నేనే ఎత్తాను. ఆయన ఒక్క మాటతో నన్ను పడేశాడు.

"నీ అసొంటి సదువుకున్నోనికి కంపెనీ వీసా ఎందుకన్నా? గది కూలోళ్లకు. నువ్వు విజిట్ మీద పో. నాలుగు ఆఫీసులు సూడు. నచ్చినకాడ కూసో. ఆడ్నే వీసా కొట్టిస్తరు."

ఈ మాట పూర్తి అబద్ధం అయ్యుంటే నేను పట్టుకునేవాణ్ని. ముప్పాతిక నిజం. యూఏఈలో విజిట్ వీసా మీద పోయి ఉద్యోగం వెతుక్కోవడం తప్పు కాదు. దొరికితే, దేశం దాటకుండానే ఫీజు కట్టి వీసాను ఉద్యోగం వీసాగా మార్చుకునే పద్ధతీ ఉంది. కేరళ నుంచి, ముంబయి నుంచి అట్లా పోయి స్థిరపడ్డవాళ్లు బోలెడుమంది. మిగిలిన పావులో ఉంది విషయం: వెతుక్కోవచ్చు, చేయకూడదు. లేబర్ పర్మిట్ చేతికి రాకముందు ఒక్కపూట పని చేసినా నేరమే. చేసినవాడికి దేశబహిష్కరణ, చేయించుకున్నవాడికి మనిషికి 50,000 దిర్హాల జరిమానా అప్పట్లో. 2024లో దాన్ని లక్ష నుంచి పది లక్షల దిర్హాల దాకా పెంచారు. ఈ పావు భాగం నాకు తెలుసు. ఎన్నోసార్లు ఇతరులకు చెప్పాను కూడా. ఆ టీ తాగుతున్నప్పుడు మాత్రం అది నాకు కూలోళ్లకు వర్తించే సంగతిలా వినిపించింది.

ఎనభై వేలు ఇచ్చాను. లైసెన్సున్న ఏజెంటు అయినా సరే 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ మించి తీసుకోకూడదని ప్రభుత్వం పెట్టిన నిబంధన నా కొట్టు గోడకే అంటించి ఉంది. అంటించింది నేనే. రసీదు అడగలేదు. తెలిసినవాణ్ని రసీదు అడిగితే బాగుండదనిపించింది.

మా ఇంటామె బీడీలు చేస్తుంది. ఆకు కత్తిరిస్తూ, తలెత్తకుండా ఒకటే అడిగింది: "కంపెనీ పేరేంది?" పోయినంక తెలుస్తదన్నాను. ఇంక ఏమీ అడగలేదు. ఆమెకు జవాబు తెలిసిపోయిందని నాకు అప్పుడు తెలియలేదు.

శంషాబాద్ ఎయిర్‌పోర్టులో చెప్పాల్సిన పాఠం ఏజెంటు నాతో వల్లె వేయించాడు. తిరుగు టికెట్ చూపించు, తర్వాత అది క్యాన్సిలవుతుంది. హోటల్ బుకింగ్ చూపించు, అదీ అవుతుంది. ఎందుకు పోతున్నావంటే చూడ్డానికి. ఏం చూస్తావంటే బుర్జ్ ఖలీఫా. కూలింగ్ గ్లాసులు కొన్నాను. పదేళ్లుగా పాస్‌పోర్టు ఫారాల్లో "పైన రాసినవన్నీ నిజమని ధ్రువీకరిస్తున్నాను" అన్న గడి దగ్గర ఇతరుల వేలిముద్రలు పెట్టించినవాణ్ని. ఇమిగ్రేషన్ ఆఫీసరు నా వంక సరిగ్గా చూడనైనా చూడలేదు. పాస్‌పోర్టు తిప్పి, ముద్ర లేదని చూసి, స్టాంపు వేసి పంపేశాడు. గర్వపడ్డాను. నా ముందున్న కుర్రవాణ్ని మాత్రం పక్కకు తీసుకుపోయి ఏవో అడుగుతున్నారు; వాడి పాస్‌పోర్టుకు ముద్ర ఉందన్నమాట. పాపం అనుకుంటూ ముందుకు నడిచాను.

నాలుగు ఆఫీసులు చూసుకునే పని పడలేదు. దిగిన మర్నాడే ఒక చిన్న కాంట్రాక్టు కంపెనీ వాళ్లు ఏజెంటు మనిషి చెప్పాడని వచ్చి తీసుకుపోయారు. 2018 జనవరి 1 నుంచి యూఏఈలో 5 శాతం వ్యాట్ రాబోతోంది. అప్పటిదాకా తెల్లకాగితం మీద లెక్కలు రాసుకున్న చిన్న కంపెనీలకు ఒక్కసారిగా ఇన్వాయిసులు పద్ధతిగా కొట్టేవాడు కావలసి వచ్చాడు. ఎక్సెల్ వచ్చినవాణ్ని, నాలుగు ముక్కలు ఇంగ్లీషు రాయగలవాణ్ని. అల్ కూజ్‌లో సైటు పక్కన పోర్టా క్యాబిన్, అందులో ఏసీ, నాకో కుర్చీ. నెలకు 2,000 దిర్హాలు, పడక సోనాపూర్ క్యాంపులో. మొదటి నెల జీతం కవర్లో పెట్టి చేతికిచ్చారు. కవర్లో ఎందుకిస్తున్నారని అడగాల్సింది. ఆ దేశంలో 2009 నుంచి కంపెనీలు జీతాలు బ్యాంకు ద్వారానే వేయాలి, ఎవరికి పడిందో ఎవరికి పడలేదో కార్మిక శాఖకు తెలుస్తూ ఉంటుంది. నోట్లు చేతిలో పడగానే నాకు అవేమీ గుర్తు రాలేదు. బుర్జ్ ఖలీఫా మాత్రం రోజూ చూశాను, కంపెనీ వ్యాను కిటికీలోంచి. ఆఫీసరుతో నేను చెప్పినవాటిలో నిజమైంది అదొక్కటే.

వీసా ఏమైందంటే ప్రాసెస్‌లో ఉందనేవారు. అడిగిన ప్రతిసారీ అదే మాట, అదే నవ్వు. అసలు సంగతి నా టేబుల్ మీదకే వచ్చింది. పాత ఉల్లంఘనల కారణంగా కార్మిక శాఖ ఆ కంపెనీ ఫైలు ఆపేసింది. కొత్త పర్మిట్లు రావు. అందుకే విజిట్ మీద వచ్చినవాళ్లను ఏరుకుంటున్నారు. ఫైలు మీద ఆంక్ష ఎత్తేయమని మంత్రిత్వ శాఖకు ఒక ఉత్తరం ఇంగ్లీషులో తయారుచేయమని నాకే చెప్పారు, అరబ్బీలోకి తర్వాత మారుస్తారట. వీసా లేని కార్మికుడు మా సంస్థలో ఒక్కడు కూడా లేడని అందులో రెండో పేరా. ఆ పేరా టైపు చేసిన ఆ ఒక్కణ్ని నేనే. అర్జీలు రాసి రాసి అలవాటైన చేయి కదా, ఎక్కడా తప్పు పోనివ్వలేదు. మేనేజరు చదివి మెచ్చుకున్నాడు. నేను సంతోషపడ్డాను. ఇది రాస్తున్నప్పుడు నాకు సిగ్గేసిన చోటు ఏదని అడిగితే, ఎయిర్‌పోర్టు కాదు, ఇదే.

విజిట్ గడువు అయిపోయింది. అప్పట్లో ఇచ్చే కొద్ది రోజుల వెసులుబాటూ అయిపోయింది. అక్కడి నుంచి అప్పట్లో రోజుకు 100 దిర్హాల జరిమానా పడేది. నా జీతాన్ని ముప్పైతో భాగిస్తే రోజుకు దాదాపు 67 దిర్హాలు. అంటే నేను దుబాయిలో పని చేసిన ప్రతి రోజుకూ ఆ దేశానికి 33 దిర్హాలు బాకీ పడుతున్నాను, తిండి ఖర్చు కాక. ఎక్సెల్‌లో నాకోసం ఒక షీటు పెట్టుకున్నాను. రాత్రి పన్నెండు దాటగానే కింది గడిలో అంకె మారేలా సూత్రం రాశాను. కంపెనీ ఇన్వాయిసులకంటే ఆ షీటు బాగా కుదిరింది.

ఆ తర్వాత ఆ 67 కూడా రావడం ఆగింది. వచ్చే నెల, పై నెల. కంపెనీ వీసా ఉన్నవాడికి జీతం రాకపోతే లేబర్ కార్డు నంబరు చెప్పి కార్మిక శాఖకు ఫిర్యాదు చేస్తాడు. కార్డే లేనివాడు ఏ కిటికీ ముందు నిలబడినా, జీతం సంగతి విచారించే ముందు వాడి సంగతి విచారిస్తారు. మేనేజరు అది నాతో బెదిరింపుగా ఎప్పుడూ అనలేదు. అనవలసిన పని లేదు. ఇద్దరికీ చట్టం తెలుసు. పాస్‌పోర్టు వీసా పనికోసమని మొదట్లోనే తీసుకుని బీరువాలో పెట్టాడు. అట్లా పెట్టుకోవడం ఆ దేశంలో చట్టవిరుద్ధమని కూడా ఇద్దరికీ తెలుసు.

ఎండాకాలం వచ్చింది. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు గంటల వరకు బయట ఎండలో పని చేయించకూడదని యూఏఈలో నిబంధన. కచ్చితంగా అమలవుతుంది, ఎందుకంటే ఆ గంటల్లోనే కార్మిక శాఖ తనిఖీవాళ్లు సైట్ల మీద తిరుగుతారు. వాళ్లు వచ్చి చూసేది రేకుల షెడ్డు కింద కూలీలు పడుకున్నారా లేదా అని. సైటులో దిగితే ఆఫీసు క్యాబిన్‌లో ఎవరున్నారో కూడా చూస్తారు, కార్డులు అడుగుతారు. కాబట్టి పన్నెండున్నర కొట్టగానే నన్ను క్యాబిన్‌లోంచి బయటికి పంపేవారు. సైటు వెనక ఖాళీ జాగాలో పాడైపోయిన సిమెంటు మిక్సరు ఒకటి ఉండేది. దాని నీడ ఆ వేళకు మూరెడు. ఏడో తరగతి చదివిన మనుషులు చట్టం ఇచ్చిన నీడలో మజ్జిగ తాగి కునుకు తీస్తుంటే, ఏసీ కుర్చీకోసం వచ్చిన డిగ్రీవాణ్ని ఆ ఎండలో, ఆ మూరెడు నీడలో ఒదిగి, మూడయ్యేదాకా నిలబడేవాణ్ని. ఇనుము తగిలితే చర్మం ఊడేంత వేడి. ఒకరోజు అక్కడ నిలబడి నాలో నేను నవ్వుకున్నాను. నవ్వంటే నవ్వు కాదులెండి.

దవడ పన్ను పుచ్చి ముఖం వాచింది. క్లినిక్‌లో మొదటి ప్రశ్న ఎమిరేట్స్ ఐడీ. పెనడాల్ మింగుతూ గడిపాను. ఆ కార్డు లేనిదే సొంత ఫోను నంబరు నిలవదు, బ్యాంకు ఖాతా లేదు, ఎక్స్ఛేంజ్ కౌంటరులో ఇంటికి డబ్బు పంపలేం. మొదట్లో పంపిన నాలుగు డబ్బులూ మా మేస్త్రీ మామ కార్డు మీదే పోయాయి. అవును, ఆయన అక్కడే ఉన్నాడు, నా క్యాంపుకు నాలుగు బిల్డింగుల అవతల. జీతం నెలనెలా కార్డులో పడుతుంది. ఇన్సూరెన్సు కార్డు జేబులో ఉంటుంది. నన్ను మొదటిసారి మెస్సు దగ్గర చూసినప్పుడు మేనేజరుగా వచ్చాననుకున్నాడు. "అల్లుడా, నీ కంపెనీ ఏది?" అన్నాడు. మా ఇంటామె అడిగిన ప్రశ్నే. నేను నీళ్లు నమిలాను. ఆయనకు అర్థమైంది. "కలివెల్లి అయినవారా?" అన్నాడు నెమ్మదిగా, పక్కవాళ్లు వినకుండా. కాగితాలు లేకుండా దాక్కుని పనిచేసేవాణ్ని మావాళ్లు అనే మాట అది. నేనే ఎన్నో అర్జీల్లో ఆ మాటకు బదులు మర్యాదగా ఇంకేదో రాసేవాణ్ని. తిట్టలేదాయన. 275 రూపాయల సంగతి కూడా ఎత్తలేదు. ఎత్తుంటే తేలికగా ఉండేది.

జీతం ఆగిందని ఇంట్లో చెప్పాల్సి వచ్చిన రోజు ఫోనులో మా ఇంటామె అన్న మాట చెప్పి తీరాలి. బీడీల కంపెనీ ఆమెకు కార్డిచ్చింది. పీఎఫ్ నంబరుంది. ఆ నంబరును చూసే అప్పట్లో రాష్ట్ర ప్రభుత్వం నెలకు 1,000 రూపాయల జీవన భృతి ఇస్తోంది. "నేను అరుగు మీద కూసోని బీడీలు సుడితే నాకు కార్డున్నది. నువ్వు ఏరోప్లేన్ ఎక్కి పోయినవ్, నీకేమున్నది?" అంది. కోపంగా అనలేదు, లెక్క అడిగినట్టే అడిగింది. ఆ నెల ఇల్లు ఆ వెయ్యి మీదా, బీడీల మీదా గడిచింది.

2018 ఆగస్టు 1న యూఏఈ ప్రభుత్వం క్షమాభిక్ష మొదలుపెట్టింది. జరిమానా మాఫీ, 221 దిర్హాలు కట్టి ఎగ్జిట్ పర్మిట్ తీసుకుని వెళ్లిపోవచ్చు, మళ్లీ రాకుండా నిషేధం వేయరు. ఉండాలనుకుంటే పని వెతుక్కోవడానికి ఆర్నెల్ల వీసా కూడా ఇస్తారు. మొదట అక్టోబరు చివరిదాకా అన్నారు, తర్వాత ఆ ఏడాది చివరిదాకా పొడిగించారు. అంతకుముందు 2012 డిసెంబరులో మొదలైన క్షమాభిక్ష నాకు బాగా గుర్తు. జగిత్యాలలో నా కొట్లో కూచుని, అక్కడ చిక్కుకున్నవాళ్ల భార్యల కోసం ఉత్తరాలు టైపు చేస్తూ, "ఎట్ల ఇరుక్కుంటరమ్మా మీ వాళ్లు, పోయేముందు ఒక్కమాట అడగొద్దా" అని మందలించాను. ఒకామె తల దించుకుంది.

కంపెనీ నా పాస్‌పోర్టు వెంటనే ఇచ్చేసింది. తనిఖీలు గట్టిగా జరిగే రోజుల్లో నాలాంటివాడు దూరంగా పోవడమే వాళ్లకూ కావాలి. బాకీ జీతం ఊసెత్తితే మేనేజరు నన్ను బయటిదాకా సాగనంపాడు. అల్ అవీర్ ఇమిగ్రేషన్ కేంద్రం దగ్గర టెంట్లు వేశారు, నీళ్ల సీసాలు పంచారు. మన కాన్సులేట్ వాళ్ల సహాయ కౌంటరు కూడా ఉంది. పాస్‌పోర్టు పోగొట్టుకున్నవాళ్లు ఔట్‌పాసుల కోసం తిరుగుతున్నారు. మా వైపువాళ్లు చాలామంది కనిపించారు: జగిత్యాల, కామారెడ్డి, సిరిసిల్ల, ఆర్మూరు. కాగితాలు పట్టుకుని ఎక్కడ ఏం రాయాలో తెలియక అటూ ఇటూ చూస్తున్నారు. నా చేయి ఊరుకోలేదు. ఒకాయనది నింపాను, వెనక ఇంకొకాయన. కాసేపటికి నా ముందు చిన్న వరస తయారైంది. కొందరు అయిదు దిర్హాలు చేతిలో పెట్టారు, తీసుకున్నాను. ఆ దేశంలో చేసిన పనికి అప్పటికప్పుడు డబ్బు పుట్టింది ఆ వరసలోనే. అదీ పర్మిట్ లేని పనే అనుకోండి. 221 దిర్హాలూ, టికెట్టూ మామ పెట్టాడు. ఆర్నెల్ల వీసా తీసుకుని పని వెతుక్కోమని కూడా ఆయనే చెప్పాడు. ధైర్యం చాలలేదు.

ఊళ్లో సెలవు మీద వచ్చానని చెప్పాను. సెలవు ఎప్పుడైపోతుందని అడగడం మానేసేదాకా అదే చెప్పాను. తర్వాత షట్టరు లేపి కొట్లో కూచున్నాను.

ఏజెంటు మీద ఫిర్యాదు ఎందుకు చేయలేదని నన్ను ఎవరూ అడగలేదు, ఎందుకంటే ఎవరికీ చెప్పలేదు. లైసెన్సు లేకుండా మనుషుల్ని పనికి పంపడం నేరమని అదే 1983 చట్టం చెబుతుంది. రసీదు లేదు గానీ బ్యాంకు నుంచి డబ్బు తీసిన తేదీ ఉంది, వాట్సాప్‌లో ఆయన మాటలున్నాయి. రెండు మూడు రాత్రులు కంప్యూటరు ముందు కూచున్నాను. నేను రాసిన గల్ఫు అర్జీలన్నిటికీ ఒకటే మొదటి వాక్యం: "అయ్యా, నేను చదువురాని నిరుపేదను, మాయమాటలు చెప్పి నన్ను నమ్మించి..." పాత ఫైలు తెరిస్తే ఆ వాక్యం దానంతట అదే వస్తుంది. పేరు మార్చి, ఊరు మార్చి, తేదీ మార్చి ప్రింటు కొడితే పని అయిపోతుంది. నా అర్జీకి ఆ వాక్యం పనికిరాదు. దాని బదులు ఏం రాయాలి? "అయ్యా, నేను అన్నీ చదివినవాణ్ని, ఆయన చెప్పింది తప్పని తెలిసే..." అక్కడ చేయి ఆగిపోయేది. చదువురానివాడి తరఫున ఎంతో ధైర్యంగా రాసినవాణ్ని, నా తరఫున ఒక్క పేరా పూర్తి చేయలేకపోయాను. ఎయిర్‌పోర్టులో అబద్ధం చెప్పానని బయటపడుతుందన్న భయమని అప్పట్లో నాకు నేను చెప్పుకున్నాను. మోసపోయినవాడి మీద ఎవరూ కేసు పెట్టరని నాకు తెలుసు. అడ్డుపడింది భయం కాదు, డిగ్రీ.

అప్పు తీరడానికి ఏళ్లు పట్టింది. మేస్త్రీ మామ తన టికెట్టు డబ్బు ఇప్పటికీ అడగడు. దసరాకు ఊరొచ్చినప్పుడు కొంచెం కొంచెంగా నేనే ఇస్తున్నాను. 2024 సెప్టెంబరులో యూఏఈ మళ్లీ క్షమాభిక్ష పెట్టినప్పుడు నా కొట్లోకి మళ్లీ ఉత్తరాలు రాయించుకునేవాళ్లు వచ్చారు. ఈసారి మందలింపు లేకుండా రాసిచ్చాను.

ఇప్పుడు కొట్టుకు వచ్చే కుర్రవాళ్లు వేరు. బీటెక్‌లు, ఎంబీఏలు. ఎవరి పాస్‌పోర్టు మీదా ముద్ర ఉండదు. కాంబోడియాలో డేటా ఎంట్రీ అంటారు, థాయ్‌లాండ్‌లో కస్టమర్ సపోర్టు అంటారు, చేతిలో టూరిస్టు వీసా ఉంటుంది. కాంబోడియాలో మనవాళ్లను కంప్యూటర్ల ముందు కూచోబెట్టి, ఇక్కడివాళ్లకే ఫోన్లు చేయించి డబ్బు లాగించిన సంగతి 2024లో విశాఖ పోలీసులూ సిరిసిల్ల పోలీసులూ కేసులు పెట్టి బయటికి తీశారు. 2025 మార్చిలో మయన్మార్ సరిహద్దు నుంచి అయిదు వందలకు పైగా భారతీయులను వైమానిక దళం విమానాల్లో తెచ్చారు, అందులో తెలుగువాళ్లూ ఉన్నారు. ఈ మధ్య ఒక కుర్రవాడు బ్యాంకాక్ టికెట్టు ప్రింటు తీసుకుంటుంటే ఈ రెండూ చెప్పాను. పనికోసమే అయితే ప్రభుత్వానికి టామ్‌కామ్ అని సంస్థ ఉంది, హైదరాబాద్‌లో ఒకసారి అడిగి చూడమన్నాను. ఓపిగ్గానే విన్నాడు. "గవి కాల్ సెంటర్ల పోరగాల్ల కథలన్నా. నాది ఐటీ" అన్నాడు. నాకు జవాబు తోచలేదు. పోర్టా క్యాబిన్ సంగతి చెప్పొచ్చు, చెప్పలేదు. నా కథ చెప్పాలంటే సెలవు మీద వచ్చానన్న అబద్ధం ముందు విప్పాలి.

ఇక ఆ ట్రావెల్స్ ఆయన. ఇంకా అక్కడే ఉన్నాడు, షట్టరుకు రంగు వేయించాడు. నేను తిరిగొచ్చిన కొన్నాళ్లకే వచ్చి, ఏమీ జరగనట్టు భుజం మీద చేయి వేసి, "గట్ల అయితదని నాకేమెరుకన్నా, ఆ కంపెనోడు బద్మాష్" అన్నాడు. తిట్టాలనుకున్నాను. వెనక్కి తిరిగి పోతూ పోతూ తన ఆఫీసు ప్రింట్లు, స్కాన్లు అన్నీ ఇకమీదట నా దగ్గరే చేయిస్తానన్నాడు, నెలకోసారి బిల్లు. కొట్టు ఖాళీగా ఉంది. ఒప్పుకున్నాను. విజిట్ వీసా కాపీలు, తిరుగు టికెట్లు, హోటల్ బుకింగులు కలర్ ప్రింట్లు తీసి కవర్లలో పెట్టి ఇచ్చాను, ఎవరివని అడగకుండా. కొన్నాళ్లకు ఆపేశాను. మనస్సాక్షి అడ్డొచ్చి ఆపానని రాయాలని చాలా ఉంది. బిల్లు కట్టలేదు కాబట్టి ఆపాను. తెలిసినవాడు కదా అని ఈసారి కూడా రసీదు పుస్తకంలో సంతకం తీసుకోలేదు.